ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ధర్మార్థ ట్రస్టును నెలకొల్పడం ఎలా: సమగ్ర మార్గదర్శి

తల్లిదండ్రుల పేరు మీద సొంత ఊళ్లో ఏదో ఒక మంచి పని శాశ్వతంగా సాగాలని కోరుకునే వారు తెలుగునాట చాలామంది ఉన్నారు. పేద విద్యార్థుల ఫీజులు కట్టాలని కొందరు, కంటి శిబిరాలు పెట్టించాలని కొందరు, మూతపడిన గ్రంథాలయాన్ని మళ్లీ తెరిపించాలని మరికొందరు అనుకుంటారు. ఆ కోరికను నలుగురిలో చెప్పిన వెంటనే వినిపించే సలహా ట్రస్టు రిజిస్టరు చేయించమన్నదే. రిజిస్ట్రేషను వరకైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక పూట పనే. ఆ పూట సంతకం పెట్టిన దస్తావేజులో ఏమి రాశారన్నదాన్ని బట్టి ఆ తరువాతి దశాబ్దాలన్నీ నడుస్తాయి కనుక, ఇక్కడ దరఖాస్తుల కంటే దస్తావేజు రాత గురించే ఎక్కువగా చెబుతున్నాను.

మొదటి అడుగు: ట్రస్టు అవసరమో కాదో తేల్చుకోవడం

ఏటా కొంత సొమ్ము దానం చేయడమే మీ ఉద్దేశమైతే ట్రస్టు అక్కరలేదు. ఇప్పటికే సక్రమంగా నడుస్తున్న పాఠశాలకో ఆసుపత్రికో నేరుగా ఇస్తే, ఆడిటరు రుసుము, రిటర్నులు, తీర్మానాల పుస్తకం వంటి బాధ్యతలేవీ మీ నెత్తిన పడవు. ఒక ఆస్తిని గానీ నిధిని గానీ మీ తరువాత కూడా ఒకే పనికి కట్టుబడి ఉండేలా చేయాలనుకున్నప్పుడు, లేదా ఇతరుల నుంచి కూడా విరాళాలు సేకరించాలనుకున్నప్పుడు మాత్రమే ఈ శ్రమకు అర్థం ఉంటుంది.

ట్రస్టుకు ప్రత్యామ్నాయాలుగా మరో రెండు రూపాలు ఉన్నాయి. సంఘాల రిజిస్ట్రేషను చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీని నమోదు చేసుకోవచ్చు. కంపెనీల చట్టం, 2013లోని 8వ సెక్షను కింద లాభాపేక్ష లేని కంపెనీని పెట్టుకోవచ్చు. సొసైటీలో ఎన్నికలు, సర్వసభ్య సమావేశాలు ఉంటాయి కాబట్టి ఊరంతా కలిసి నడిపే పనికి అది తగిన రూపం. కంపెనీ రూపంలో లెక్కల పారదర్శకత ఎక్కువ, ఏటేటా సమర్పించవలసిన పత్రాలూ ఎక్కువే. ఒక కుటుంబమో కొద్దిమంది మిత్రులో ఒక లక్ష్యం పెట్టుకుని, ఆ లక్ష్యం ఓట్లతో మారిపోకుండా ఉండాలని కోరుకుంటే ట్రస్టే సరిపోతుంది.

ఇక్కడే ఒక విషయం మనసుకు బాగా పట్టించుకోవాలి. ట్రస్టుకు ఇచ్చిన సొత్తు మీది కాకుండా పోతుంది. ట్రస్టు కంపెనీలాగా చట్టం దృష్టిలో ఒక వ్యక్తి కూడా కాదు. ఆస్తి ధర్మకర్తల చేతిలో, లబ్ధిదారుల కోసం, దస్తావేజులోని షరతులకు లోబడి ఉంటుంది. ఇచ్చిన పొలాన్ని పదేళ్ల తరువాత కూతురి పెళ్లి ఖర్చుకు వెనక్కి తీసుకోవచ్చునన్న ఆలోచన లోపల ఏ మూలనైనా ఉంటే, ఆ పొలాన్ని ట్రస్టులో పెట్టకపోవడమే మంచిది. వెనక్కి తీసుకునే హక్కును దస్తావేజులో అట్టే పెట్టుకున్నా, ఆదాయపు పన్ను చట్టం ఆ ఆదాయాన్ని మీ సొంత ఆదాయంగానే లెక్కగడుతుంది.

రెండో అడుగు: ఏ చట్టం ఎంతవరకు వర్తిస్తుందో తెలుసుకోవడం

భారతీయ ట్రస్టుల చట్టం, 1882 పేరు ప్రతి దస్తావేజు నమూనాలోనూ కనిపిస్తుంది. నిజానికి ఆ చట్టం ప్రైవేటు ట్రస్టులకు, అంటే ఫలానా మనవడి చదువు కోసమో ఫలానా బంధువు పోషణ కోసమో పెట్టిన వాటికి ఉద్దేశించినది. ప్రజలందరి మేలు కోసం పెట్టిన ధర్మార్థ ట్రస్టులు దాని పరిధిలోకి రావని అందులోని మొదటి సెక్షనే చెబుతుంది. అయినా ధర్మకర్తల కర్తవ్యాల గురించి అది చెప్పిన సూత్రాలను న్యాయస్థానాలు ధర్మార్థ ట్రస్టుల విషయంలోనూ పరిగణనలోకి తీసుకుంటాయి కాబట్టి ఆ సెక్షన్లను ఒకసారి చదవడం వృథా కాదు.

మహారాష్ట్ర, గుజరాత్ లలో ప్రజా ట్రస్టుల కోసం ప్రత్యేక చట్టమూ ఛారిటీ కమిషనరూ ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి అధికారి లేరు. అయితే 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం ఆలయాలకే పరిమితమైనదని చాలామంది అనుకుంటారు. ఆ చట్టం వక్ఫులు మినహా ప్రజా ధర్మాదాయ సంస్థలను కూడా తన పరిధిలోకి తీసుకుంటుంది. అందులోని 43వ సెక్షను అలాంటి సంస్థలను దేవాదాయ శాఖ సహాయ కమిషనరు దగ్గర నమోదు చేయించాలని చెబుతుంది. దాని పరిధిలోకి వచ్చిన సంస్థ తన స్థిరాస్తిని అమ్మాలంటే ముందుగా శాఖ అనుమతి పొందాలి. భూమిని ట్రస్టుకు రాసివ్వదలచిన వారు, ముఖ్యంగా అన్నదాన సత్రం వంటి వాటి కోసం ఇవ్వదలచిన వారు, ఈ చట్టం తెలిసిన న్యాయవాదిని ముందే సంప్రదించాలి. రిజిస్ట్రేషను పూర్తయిన తరువాత శాఖ నుంచి నోటీసు వచ్చినప్పుడు సంప్రదించి పెద్దగా ప్రయోజనం ఉండదు.

మూడో అడుగు: మనుషులను ఎంచుకోవడం

ట్రస్టును పెట్టే వ్యక్తి ఒకరు ఉంటే చాలు. ధర్మకర్తలు కనీసం ఇద్దరు ఉండేలా దస్తావేజు రాయడం ఆనవాయితీ. ఇద్దరి మధ్య అభిప్రాయభేదం వస్తే పని అక్కడికక్కడే ఆగిపోతుంది కాబట్టి ముగ్గురు గానీ అయిదుగురు గానీ ఉండటం మేలని నా అభిప్రాయం. భార్యాభర్తలు, కొడుకు మాత్రమే ధర్మకర్తలుగా ఉన్న ట్రస్టును చట్టం నిషేధించదు. కానీ విరాళాలు ఇచ్చేవారూ పన్ను అధికారులూ దానిని సందేహంగానే చూస్తారు. కుటుంబానికి చెందని ఒకరిద్దరు, అందులో లెక్కలు చూడటం తెలిసినవారు ఒకరు ఉంటే మంచిది.

ధర్మకర్తగా ఉండటం గౌరవ పదవి మాత్రమేనని అనుకుని ఒప్పుకునేవారు చాలామంది ఉంటారు. వారికి ముందే చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. 1882 చట్టంలోని సూత్రాల ప్రకారం ధర్మకర్త ట్రస్టు ఆస్తిని ఒక సాధారణ వివేకవంతుడు తన సొంత ఆస్తిని చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. తన బాధ్యతను మరొకరికి అప్పగించి ఊరుకోకూడదు. ట్రస్టు ఆస్తి ద్వారా సొంత లాభం పొందకూడదు. దస్తావేజులో చెప్పకపోతే తన శ్రమకు జీతం అడిగే హక్కు ఉండదు. ఒకసారి ఒప్పుకున్న తరువాత, దస్తావేజు వీలు కల్పిస్తే తప్ప, ఇష్టం వచ్చినప్పుడు వదులుకుని వెళ్లడం కూడా కుదరదు. వీటన్నిటినీ విని కూడా సరేనన్న మనిషినే ధర్మకర్తగా పెట్టుకోవాలి.

నాలుగో అడుగు: దస్తావేజు రాయించడం

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఉండే దస్తావేజు లేఖరి దగ్గర ట్రస్టు డీడ్ నమూనా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పేర్లు, చిరునామాలు మార్చి అరగంటలో చేతికిస్తారు. ఆ నమూనాను ఆధారంగా తీసుకోవచ్చు గానీ, ప్రతి నిబంధననూ మీ ట్రస్టుకు తగినట్టు తిరగరాయించకుండా సంతకం పెట్టకూడదు.

పేరుతో మొదలుపెడదాం. కంపెనీల పేర్లకు ఉన్నట్టు ట్రస్టుల పేర్లకు దేశవ్యాప్త జాబితా లేదు కాబట్టి అదే పేరుతో మరో ట్రస్టు ఉండే అవకాశం ఉంటుంది. ఊరి పేరో ఇంటి పేరో చేరిస్తే ఆ చిక్కు తగ్గుతుంది. జాతీయ చిహ్నాలను, జాతీయ నాయకుల పేర్లను, ప్రభుత్వ సంస్థ అనిపించే మాటలను వాడకూడదు. వీటి దుర్వినియోగాన్ని ఆపడానికి 1950లోనే ఒక చట్టం వచ్చింది.

తరువాతిది లక్ష్యాల భాగం. నమూనాల్లో ఇక్కడ రెండు మూడు పేజీల జాబితా ఉంటుంది: విద్య, వైద్యం, గోసంరక్షణ, క్రీడలు, వృద్ధాశ్రమం, వ్యవసాయ పరిశోధన, అన్నీ అందులోనే. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయని వాటన్నిటినీ ఉంచేస్తారు. ఆదాయపు పన్ను మినహాయింపుకు నమోదు (ఇది ఏడో అడుగులో వస్తుంది) కోసం వెళ్లినప్పుడు అధికారి ప్రతి లక్ష్యానికీ మీరు ఏమి చేస్తున్నారని అడగవచ్చు. పైగా పేదల సహాయం, విద్య, వైద్యం, యోగా, పర్యావరణ పరిరక్షణ వంటివాటిని చట్టం ఒక తీరుగా, సాధారణ ప్రజాప్రయోజనం అనే చివరి కోవను మరో తీరుగా చూస్తుంది. ఆ చివరి కోవలోకి వచ్చే ట్రస్టు రుసుము తీసుకుని చేసే వ్యాపార తరహా పనుల ద్వారా వచ్చే సొమ్ము, మొత్తం రాబడిలో 20 శాతం దాటితే ఆ ఏడాదికి మినహాయింపు పోతుంది. కనుక నిజంగా చేయబోయే రెండు మూడు పనులను స్పష్టంగా రాసి, వాటికి అనుబంధమైన పనులు చేయవచ్చునని ఒక వాక్యం చేర్చడం మంచి పద్ధతి.

లబ్ధిదారుల విషయంలో మన సమాజానికి ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉంది. తమ కులంలోని పేద పిల్లల కోసం హాస్టలు పెట్టాలన్న సంకల్పం తెలుగునాట కొత్తది కాదు. ఎన్నో పేరున్న విద్యార్థి వసతి గృహాలు అలాగే వెలిశాయి. కానీ 1962 ఏప్రిల్ 1 తరువాత ఏర్పడిన ధర్మార్థ ట్రస్టు ఏదైనా ఒక మతం లేదా కులం వారి ప్రయోజనం కోసమే అయితే దానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన వాటికి ఈ నిషేధం లేదు. కాబట్టి కులమత భేదం లేకుండా అందరికీ అందుబాటులో ఉంటుందన్న వాక్యం దస్తావేజులో ఉండాలి, ఆచరణ కూడా దానికి తగ్గట్టే ఉండాలి.

అందరూ చదవకుండా దాటవేసే భాగం ధర్మకర్తల వారసత్వం. ఒక ధర్మకర్త చనిపోతే, రాజీనామా చేస్తే, దేశం విడిచి వెళ్లిపోతే ఆ స్థానంలోకి ఎవరు వస్తారు? మిగిలినవారు ఎన్నుకుంటారా, స్థాపకుడి వారసులు నియమిస్తారా? వారసులంటే కొడుకులేనా, కూతుళ్లు కూడానా? దారి తప్పిన ధర్మకర్తను తొలగించాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి? విజయనగరం రాజవంశీకులు పి.వి.జి. రాజు తన తండ్రి అలక నారాయణ గజపతి పేరిట 1958లో నెలకొల్పిన మాన్సాస్ ట్రస్టు విషయంలో, అధ్యక్ష పదవి వంశంలో ఎవరికి చెందాలన్న ప్రశ్న అరవై ఏళ్ల తరువాత న్యాయస్థానానికి చేరింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం చేసిన నియామకాన్ని 2021 జూన్ లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రద్దు చేసింది. అంత పెద్ద సంస్థకే తప్పని తగవు చిన్న ట్రస్టులకు వస్తే, వాటి మూలధనమంతా న్యాయవాదుల ఫీజులకే సరిపోతుంది. వారసత్వ నిబంధనను ఎంత విసుగు పుట్టించేంత వివరంగా రాసినా తక్కువే.

బ్యాంకు ఖాతాను ఎవరు నడపాలో, ఏ మొత్తం దాటితే ఇద్దరి సంతకాలు కావాలో, సమావేశానికి కోరం (కనీస హాజరు) ఎంతో, లెక్కల సంవత్సరం ఏదో, ఆడిటు ఎవరు చేయాలో ఒక్కొక్క వాక్యంలో రాసుకుంటే చాలు. సవరణల నిబంధన మాత్రం జాగ్రత్తగా ఉండాలి. పరిపాలనా నియమాలను మార్చుకోవచ్చునని, మూల లక్ష్యాలను మాత్రం ధర్మార్థ స్వభావం దెబ్బతినేలా మార్చకూడదని రాయాలి. ట్రస్టు ఎప్పటికీ రద్దు చేయదగినది కాదని, ఒకవేళ మూతపడవలసి వస్తే మిగిలిన ఆస్తి అలాంటి లక్ష్యాలున్న మరో నమోదిత సంస్థకే చెందుతుందని, స్థాపకుడికి గానీ ధర్మకర్తలకు గానీ తిరిగి రాదని తప్పకుండా చేర్చాలి. ఈ రెండు వాక్యాలు లేని దస్తావేజుతో పన్ను నమోదు కోసం వెళితే చిక్కులు తప్పవు.

అయిదో అడుగు: స్టాంపు, రిజిస్ట్రేషను

నగదుతో మొదలయ్యే ట్రస్టుకు స్థాపకుడు తొలి మూలనిధిగా కొంత సొమ్ము ఇచ్చినట్టు దస్తావేజులో రాస్తారు. స్థిరాస్తి ఉంటే దాని సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు షెడ్యూలులో రావాలి, దాని రిజిస్ట్రేషను తప్పనిసరి. నగదు ట్రస్టుకు ఆ నిర్బంధం లేకపోయినా, రిజిస్టరు కాని దస్తావేజుతో బ్యాంకు ఖాతా నుంచి పన్ను నమోదు వరకు అన్నిచోట్లా ఇబ్బందే. స్టాంపు సుంకం ఆస్తి స్వభావాన్ని బట్టి మారుతుంది, రేట్లు ఎప్పటికప్పుడు సవరిస్తారు కాబట్టి ఆ రోజుకు అమలులో ఉన్న మొత్తాన్ని ఆఫీసులోనే అడిగి చలానా కట్టాలి.

సంతకాలు పెట్టిన తేదీ నుంచి నాలుగు నెలల్లోగా దస్తావేజును రిజిస్ట్రేషనుకు సమర్పించాలి. దాటితే జరిమానాతో మరో నాలుగు నెలల వెసులుబాటు ఉంటుంది. స్థాపకుడు, ధర్మకర్తలు, ఇద్దరు సాక్షులు ఆధారు, పాన్, ఫోటోలతో వెళ్లాలి. ట్రస్టు కార్యాలయం అద్దె ఇంట్లో ఉంటే యజమాని నుంచి నిరభ్యంతర పత్రం, కరెంటు బిల్లు దగ్గర పెట్టుకోవడం మంచిది. ఆ తరువాత రిజిస్టరైన దస్తావేజు ధృవీకృత నకళ్లు రెండు మూడు తీసుకోండి. అసలు ప్రతిని ప్రతి ఆఫీసుకూ తిప్పడం మంచిది కాదు.

ఆరో అడుగు: పాన్, ఖాతా, తీర్మానాల పుస్తకం

ఈ అడుగు చిన్నదే. ట్రస్టు పేరు మీద పాన్ తీసుకుని, ధర్మకర్తల తొలి సమావేశంలో తీర్మానం చేసి బ్యాంకు ఖాతా తెరవాలి. ఆ తొలి సమావేశం నుంచే పేజీ నంబర్లు వేసిన పుస్తకంలో తీర్మానాలు రాయాలి. ఖాతా తెరవక ముందు ఎవరి సొంత ఖాతాలోనూ విరాళం వేయించుకోకూడదు. ఒక్కసారి కలిసిన సొమ్మును మళ్లీ విడదీసి లెక్క చూపడం చాలా కష్టం. ప్రభుత్వ గ్రాంట్లు ఆశించేవారు నీతి ఆయోగ్ నిర్వహించే దర్పణ్ పోర్టల్ లో, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కోరేవారు కార్పొరేటు వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 పత్రంతో నమోదు కావాలి.

ఏడో అడుగు: ఆదాయపు పన్ను నమోదు

ట్రస్టు రిజిస్టరైనంత మాత్రాన పన్ను మినహాయింపు రాదు. దానికి వేరే నమోదు కావాలి. 1961 చట్టంలో ఇది 12ఏబీ సెక్షను, దాతలకు రాయితీ ఇచ్చేది 80జీ సెక్షను. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం స్థానంలో 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కనుక అందులో సెక్షన్ల అంకెలూ పత్రాల సంఖ్యలూ వేరు. వ్యవస్థ మాత్రం దాదాపు అదే. ఆడిటర్లూ దాతలూ ఇంకా చాలాకాలం పాత అంకెలతోనే మాట్లాడతారు కాబట్టి నేనూ వాటినే వాడుతున్నాను.

కార్యక్రమాలు మొదలుపెట్టని కొత్త ట్రస్టుకు మొదట మూడేళ్లకు తాత్కాలిక నమోదు ఇస్తారు. దీనికి పెద్దగా విచారణ ఉండదు, అందుకే చాలామంది పని అయిపోయిందని నిశ్చింతగా ఉంటారు. కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోగా, లేదా తాత్కాలిక గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందుగా, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పటికి పూర్తి నమోదు కోసం దరఖాస్తు చేయాలి. అది మామూలుగా అయిదేళ్లకు వస్తుంది. రాబడి తక్కువగా ఉన్న ట్రస్టులకు దానిని పదేళ్లకు ఇచ్చే వెసులుబాటును 2025లో కల్పించారు. గడువు దాటితే మినహాయింపు ఆగిపోవడమే గాక, ట్రస్టు నికర ఆస్తి విలువ మీదే గరిష్ఠ రేటున పన్ను పడే నిబంధన కూడా ఉంది. ఈ తేదీలను ఆడిటరుకు వదిలేయకుండా ప్రతి ధర్మకర్తా తన డైరీలో రాసుకోవాలి.

80జీ గురించి దాతలకు నిజం చెప్పాలి. సాధారణ ట్రస్టుకు ఇచ్చిన విరాళంలో సగానికే, అదీ వారి ఆదాయంలో 10 శాతం పరిమితికి లోబడి తగ్గింపు వస్తుంది. రూ. 2,000 దాటిన నగదు విరాళానికి అసలు రాదు. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్న దాతకు కూడా రాదు. ప్రతి దాత పేరు, గుర్తింపు సంఖ్య, మొత్తం నమోదు చేసి ఏటా మే 31 లోగా వివరాలు దాఖలు చేసి, వారికి ధ్రువపత్రం ఇవ్వాలి. పేరు రాయని హుండీ తరహా విరాళాలు ఒక పరిమితి దాటితే వాటి మీద ట్రస్టే 30 శాతం పన్ను కట్టాలి.

ఎనిమిదో అడుగు: విదేశాల నుంచి వచ్చే సొమ్ము

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మన ఊరివాళ్లు డబ్బు పంపుతామన్నప్పుడు ముందుగా వారి పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగాలి. భారత పౌరసత్వం నిలుపుకున్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపిన సొమ్ము విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న వ్యక్తి, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాతే అవుతారు. ఒకే ఇంట్లో భారత పౌరుడైన అన్న పంపితే చెల్లుతుంది, విదేశీ పౌరసత్వం తీసుకున్న తమ్ముడు పంపితే, విదేశీ విరాళాల నమోదు లేని ట్రస్టు దాన్ని తీసుకోవడం నేరమవుతుంది. అడగడానికి మొహమాటపడి చిక్కుల్లో పడేది ఇక్కడే.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద నమోదు పొందాలంటే సంస్థ కనీసం మూడేళ్లుగా పనిచేస్తూ, గత మూడేళ్లలో తన అసలు కార్యక్రమాల మీద రూ. 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. నమోదు తరువాత కూడా ఆ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి, దానిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, అందులో 20 శాతానికి మించి పరిపాలనా ఖర్చులకు వాడకూడదు. చిన్న ఊరి ట్రస్టు మొదటి మూడేళ్లూ దేశీయ విరాళాలతోనూ భారత పౌరుల సహాయంతోనూ నడవాలని నిర్ణయించుకోవడమే తెలివైన పని.

తొమ్మిదో అడుగు: ఏటా నడిపించడం

ఏడాదిలో వచ్చిన ఆదాయంలో కనీసం 85 శాతం లక్ష్యాల మీద ఖర్చు కావాలి. మిగిలిన 15 శాతాన్ని ఏ షరతూ లేకుండా అట్టే పెట్టుకోవచ్చు. భవనం వంటి పెద్ద పనికోసం అంతకంటే ఎక్కువ కూడబెట్టాలంటే, ఆ ఉద్దేశాన్ని పన్ను శాఖకు ముందే తెలియజేసి అయిదేళ్లలోగా ఖర్చు చేయాలి. ఒకే వ్యక్తికి ఒకే రోజు రూ. 10,000 దాటి నగదుగా ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. మూలనిధికని దాత రాతపూర్వకంగా చెప్పి ఇచ్చిన సొమ్మును విడిగా, చట్టం అనుమతించిన పెట్టుబడుల్లో ఉంచాలి. మినహాయింపులు లెక్కించక ముందు ఆదాయం పన్ను పరిమితి దాటితే ఆడిటు చేయించి, ట్రస్టులు వేసే ఐటీఆర్-7 రిటర్ను గడువులోగా దాఖలు చేయాలి.

స్థాపకుడు, ధర్మకర్తలు, వారి బంధువులు, పెద్ద దాతలు ట్రస్టు నుంచి ఏ రూపంలోనూ అనుచితమైన లాభం పొందకూడదన్నది పన్ను అధికారులు మొదట వెతికే అంశం. ధర్మకర్త ఇంట్లో ట్రస్టు ఆఫీసు పెట్టి మార్కెటుకు మించిన అద్దె ఇవ్వడం, బావమరిదికి పని లేకుండా జీతం ఇవ్వడం, ట్రస్టు కారును ఇంటి అవసరాలకు తిప్పడం ఈ కోవలోకే వస్తాయి. బంధువు నిజంగానే పనిచేస్తుంటే, ఆ పనికి బయట ఎంత ఇస్తారో ఆధారం చూపి, సంబంధిత ధర్మకర్త పాల్గొనని సమావేశంలో తీర్మానం చేసి, బ్యాంకు ద్వారా చెల్లించాలి.

ధర్మకర్తలే దారి తప్పితే ప్రజలకు ఉన్న మార్గం సివిల్ ప్రొసీజర్ కోడులోని 92వ సెక్షను. ట్రస్టుతో సంబంధం ఉన్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది న్యాయస్థానం అనుమతితో దావా వేసి, ధర్మకర్తల తొలగింపును, లెక్కల విచారణను, కొత్త నిర్వహణ పథకాన్ని కోరవచ్చు. లక్ష్యాలను మార్చుకుంటే ముప్పై రోజుల్లోగా పన్ను నమోదు కోసం మళ్లీ దరఖాస్తు చేయాలి. ధర్మకర్త మారినప్పుడు తీర్మానం రాసి, అనుబంధ దస్తావేజు రిజిస్టరు చేయించి, బ్యాంకులోనూ పన్ను పోర్టల్ లోనూ వివరాలు సరిచేయించాలి. ఈ చివరి పనిని వాయిదా వేస్తే, చనిపోయిన ధర్మకర్త ఫోనుకే పన్ను శాఖ ఓటీపీలు వెళుతూ ఉంటాయి.